ఇంటి నెట్‌కు రూటర్ చాలా, మెష్ కావాలా, విడిగా ఫైర్‌వాల్ పెట్టాలా? విశాఖ ఇళ్లకు ఎంపిక సలహా

ఫైబర్ కనెక్షన్ వచ్చిన కొత్తలో కంపెనీ ఇచ్చే రూటర్ డబ్బా సంగతి ఎవరూ పట్టించుకోరు. కంపెనీ కుర్రాడు వచ్చి గోడకి బిగించి, వైఫై పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతాడు. ఏడాది గడిచాక అసలు కథ మొదలవుతుంది. వెనక గదిలో సిగ్నల్ అందదు. గేటు దగ్గర కెమెరాలు పెట్టిస్తారు. అమ్మాయికి వారానికి మూడు రోజులు ఇంటి నుంచే ఆఫీసు. ఈలోగా ఎవరో బంధువు "ఇంకా ఫైర్‌వాల్ పెట్టించుకోలేదా?" అని టెన్షన్ పెడతారు. ఫైర్‌వాల్ అంటే నెట్ రాకపోకలకు కాపలా కాసేది. వీడియోలు చూడబోతే ఒకరు రెండు వేల రూటర్ చాలంటారు, ఇంకొకరు పాతిక వేల సెటప్ చూపిస్తారు.

సీతమ్మధారలో మా ఇంట్లో, గాజువాకలో బావగారింట్లో, మధురవాడలో చెల్లెలి ఫ్లాట్‌లో ఈ పని నేనే చేశాను. మూడు చోట్లా మూడు రకాలుగా చేయాల్సి వచ్చింది. ఏ పెట్టె మంచిదో అడిగే ముందు, ఆ ఇంట్లో ఆ పెట్టెను ఎవరు చూసుకుంటారో తేలాలి. అప్‌డేట్లు వేసేవాళ్లు లేని ఇంట్లో ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ అయినా రెండేళ్లలో తుప్పు పట్టిన తాళంలా తయారవుతుంది. ఈ సలహా మొత్తం ఆ లెక్క మీదే ఉంటుంది.

మీ ఇంట్లో ఫైర్‌వాల్ ఇప్పటికే ఉంది

కంపెనీ ఇచ్చిన మామూలు డబ్బాలోనూ ఫైర్‌వాల్ ఉంటుంది. మీ ఫోను బయటికి ఏదైనా అడిగితే, దానికి వచ్చిన జవాబును లోపలికి రానిస్తుంది. ఎవరూ అడగకుండా బయట నుంచి తలుపు తట్టేవాటిని పారేస్తుంది. ఇంట్లో వస్తువులన్నీ 192.168 తో మొదలయ్యే లోపలి అడ్రస్‌ల వెనక ఉండటం వల్ల కూడా బయటివాళ్లకు నేరుగా దారి దొరకదు. ఇంటర్నెట్‌లో రాత్రీ పగలూ సాగే వెతుకులాటలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతుంది.

ఈ ఫైర్‌వాల్ చేయలేని పనులు మూడు ఉన్నాయి. లోపలున్న వస్తువుకే వైరస్ పట్టి అది బయటి దొంగలతో మాట్లాడుతుంటే ఇది ఆపదు. మీ కెమెరా మీ ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూడబోతే, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి అడ్డుపడదు. ఓటీపీ అడిగే మోసగాడిని ఏ పెట్టే ఆపలేదు. ఆ మూడోదానికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 ఒక్కటే దిక్కు, ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. కాబట్టి మనం డబ్బు పెట్టేది మొదటి రెండింటి కోసమూ, సిగ్నల్ కోసమూ.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది చూసుకునే మనిషి. మూడు నెలలకోసారి సెట్టింగ్స్ పేజీ తెరిచి అప్‌డేట్ చూసేవాళ్లు ఇంట్లో ఉన్నారా? లేక వేరే ఊరి నుంచి కొడుకో కూతురో యాప్‌లో చూడాలా?

రెండోది ఇంటి కట్టడం. ఎంవీపీ కాలనీలోనో అక్కయ్యపాలెంలోనో పాతకాలపు ఇండిపెండెంట్ ఇల్లయితే తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో స్లాబు. వైఫై సాధారణంగా రెండు రకాల సిగ్నళ్లలో వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అలాంటి రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది, స్లాబు దాటి మేడ మీదికి చేరడం ఇంకా కష్టం. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ వేగం తక్కువ, పైగా అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ అందులోనే తోసుకుంటుంటాయి. మధురవాడ వైపు రెండు పడగ్గదుల ఫ్లాటుకు ఒక్క మంచి రూటర్ సరైన చోట పెడితే చాలాసార్లు సరిపోతుంది. ఆ సరైన చోటు హాలు మధ్యకు దగ్గరగా, ఎత్తులో ఉండాలి. టీవీ వెనక చెక్క అలమారాలో దాచి సిగ్నల్ రావట్లేదంటే రూటర్ తప్పు కాదు.

మూడోది, ఏమేం నెట్‌లో ఉన్నాయి. ఫోన్లూ టీవీ మాత్రమే అయితే ఒక లెక్క. కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్, స్మార్ట్ ప్లగ్గులు, పేరు తెలియని కంపెనీ డోర్‌బెల్ ఉంటే ఇంకో లెక్క. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా ఇళ్లలోని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకి దూరింది. కంపెనీ పెట్టిన పాత పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ వస్తువులన్నిటి చేతా ఒకేసారి దాడి చేయిస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లే చాలామందికి తెరుచుకోలేదు.

నాలుగోది మన ఊరికి ప్రత్యేకం: కరెంటు, ఉప్పుగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటూ ఫోన్లూ లేని రోజులు ఇక్కడివాళ్లు ఎవరూ మర్చిపోలేదు. అంత పెద్ద తుపానుకి ఏ ఏర్పాటూ నిలవకపోవచ్చు. కానీ మామూలు వానాకాలపు కోతలకి నిలబడే ఏర్పాటు తేలికే. ఇళ్లకు వచ్చే ఫైబర్ లైన్లలో ఎక్కువగా వాడే పద్ధతిలో దారి మధ్యలో ఒక లైనును చాలా ఇళ్లకు పంచే స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు. కంపెనీ ఎక్స్ఛేంజిలో కరెంటు, మీ ఇంట్లో డబ్బాకి కరెంటు, ఈ రెండూ ఉంటే వీధంతా చీకట్లో ఉన్నా నెట్ నడుస్తుంది. ఇక బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో కేబుల్ చివర పిన్నులకు చిలుము పడుతుంది. ఫ్యాను తిరిగే పెట్టెలు ఆ తేమగాలిని లోపలికి లాక్కుంటాయి కాబట్టి ఫ్యాన్ లేనివే కొనండి.

ఖర్చు ఐదోది. కావాలనే చివర పెట్టాను.

నాలుగు దారులు, ఒక చూపులో

| దారి | సుమారు ఖర్చు | సిగ్నల్ | కెమెరాలను విడదీయడం | కరెంటు పోతే | చూసుకునే శ్రమ |
|---|---|---|---|---|---|
| కంపెనీ డబ్బానే సరిచేసుకోవడం | దాదాపు ఏమీ లేదు | చిన్న ఫ్లాటుకు చాలు | గెస్ట్ వైఫై (అతిథులకు ఇచ్చే విడి వైఫై) ఉంటే కొంత | చిన్న యూపీఎస్ చాలు | చాలా తక్కువ |
| సొంత రూటర్ | 2,500 నుంచి 5,000 | ఒక అంతస్తుకు బాగుంటుంది | బాగానే కుదురుతుంది | చిన్న యూపీఎస్‌లు రెండు | తక్కువ |
| మెష్ (ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు యూనిట్లు) | 6,000 నుంచి 12,000 | రెండు అంతస్తులకు బాగుంటుంది | మోడల్‌ను బట్టి | ప్రతి యూనిట్‌కీ బ్యాకప్ కావాలి | తక్కువ |
| విడి ఫైర్‌వాల్ పెట్టె | 20,000 పైన | వైఫైకి వేరే పరికరం కొనాలి | పూర్తిగా కుదురుతుంది | ఇంటి ఇన్వర్టర్ కావాలి | ఎక్కువ |

ధరలు మారుతుంటాయి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షాపుల్లో ఒకసారి అడిగి, ఆన్‌లైన్ ధరతో పోల్చుకుని కొనండి. షాపులో కొంటే వారంటీకి మనిషి ఎదురుగా ఉంటాడన్న ధైర్యం ఉంటుంది.

మొదటి దారి: కంపెనీ డబ్బానే సరిచేసుకోవడం

అద్దె ఇంట్లో ఇద్దరు ఉండి, ఫోన్లూ ఒక టీవీ మాత్రమే ఉంటే ఇక్కడితో ఆగిపోండి. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్, ఏదైనా సరే. ఏదైనా చెడిపోతే బాధ్యత వాళ్లదే, మీరు ఫోన్ చేస్తే చాలు. ఇది చిన్న లాభం కాదు.

నష్టం ఏమిటంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సాధారణంగా మీ చేతిలో ఉండదు. చాలా డబ్బాలను కంపెనీవాళ్లు దూరం నుంచే మార్చగలరు. కొన్నిట్లో రీసెట్ అయితే మీరు మార్చిన సెట్టింగ్స్ మళ్లీ మొదటికొస్తాయి, అందుకని ఎప్పుడైనా రిపేరుకి మనిషి వచ్చి వెళ్లాక ఒకసారి చూసుకోవాలి.

రెండో దారి: సొంత రూటర్. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే

కంపెనీ డబ్బా అలాగే ఉంటుంది. దాని నుంచి ఒక కేబుల్ మీ రూటర్ వాన్ పోర్టులోకి (బయటి నెట్ వచ్చే రంధ్రం) వెళ్తుంది. ఇంట్లోవాళ్లంతా మీ రూటర్ వైఫైనే వాడతారు. ఇకపై ఇంటర్నెట్ కంపెనీ మారినా మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, సెట్టింగ్స్ ఏవీ మారవు. ఇంట్లో పది వస్తువులకు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టిన అనుభవం ఉన్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

కొనేటప్పుడు పెట్టె మీద యాంటెన్నాల సంఖ్య చూడకండి. పోర్టులు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేనా అని చూడండి. చవక రకాల్లో 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి, మీరు 200 ఎంబీపీఎస్ ప్లానుకి డబ్బు కట్టినా 95 దగ్గర ఆగిపోతుంది. వైఫై 6 (కొత్త తరం వైఫై), డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్‌కు గట్టి రక్షణ), గెస్ట్ నెట్‌వర్క్, దానంతటదే అప్‌డేట్ వేసుకునే సౌకర్యం, ఈ నాలుగూ ఉంటే మామూలు ఇంటికి ఇంకేం అక్కర్లేదు.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. కేబుల్‌ను వాన్ పోర్టుకి బదులు ఇంట్లో వస్తువులకు ఉద్దేశించిన లాన్ పోర్టులో పెడితే ఇంట్లో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు తయారై, ఒక ఫోను పనిచేస్తుంది, ఇంకోటి చేయదు. రెండోది, రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. అప్పుడు అది వైఫై మాత్రమే ఇస్తుంది, దాని ఫైర్‌వాల్ పనిచేయదు. సిగ్నల్ కోసమే కొన్నవాళ్లకు అది సరైనదే. రక్షణ కోసం కొన్నవాళ్లు మాత్రం రూటర్ మోడ్‌లోనే ఉంచాలి.

రూటర్ మోడ్‌లో ఉంచితే ఒకదాని వెనక ఒకటి రెండు గోడలవుతాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. ఆన్‌లైన్ గేములు గట్టిగా ఆడేవాళ్లకు, బయట నుంచి ఇంట్లోకి కనెక్ట్ కావాలనుకునేవాళ్లకు ఇది తలనొప్పి. వాళ్లు కంపెనీ డబ్బాను బ్రిడ్జి మోడ్‌లో, అంటే అది నెట్‌ను అలాగే మీ రూటర్‌కు అందించేలా పెట్టించి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అవసరమైన కనెక్షన్ అయితే వాటిని సొంత రూటర్‌లో ఇచ్చుకోవాలి. అయితే ఆ డబ్బా నుంచే ల్యాండ్‌లైన్ ఫోనో, టీవీ బాక్సో నడుస్తుంటే బ్రిడ్జి మోడ్ పెట్టించే ముందు అవి ఏమవుతాయో కంపెనీని అడగండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ల్యాండ్‌లైన్ మూగబోతే మనకు తెలియడానికి రెండు రోజులు పడుతుంది.

మిగతావాళ్లకు డబుల్ నాట్ వల్ల బ్రౌజింగ్‌లో, వీడియో కాల్స్‌లో తేడా కనిపించదు. పైగా అదే ఉపయోగపడుతుంది కూడా. కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు కంపెనీ డబ్బా వైఫైలో వదిలేయండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మీ రూటర్ లోపల పెట్టండి. బయటి గోడ దగ్గరున్న కెమెరా లోపలి గోడ దాటి మీ ల్యాప్‌టాప్‌ను తాకలేదు. పాతిక వేలు పెట్టి చేసే విభజనలో ముఖ్యమైన భాగం ఒక కేబుల్‌తో వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: రెండిటి అడ్రస్‌లూ ఒకటే కాకుండా చూడండి. కంపెనీది 192.168.1 అయితే మీది 192.168.10 అని మార్చుకోండి.

మూడో దారి: మెష్

మెష్ సిగ్నల్ కోసమే. అది కొంటే భద్రత పెరుగుతుందనుకోవద్దు, దానిలోని ఫైర్‌వాల్ మామూలు రూటర్‌లో ఉండేలాంటిదే.

కింద అమ్మానాన్నలు, మేడ మీద మనం ఉండే ఇళ్లకు ఇది చక్కగా కుదురుతుంది. కానీ రెండు యూనిట్లూ గాలిలోనే మాట్లాడుకుంటే, చవక రకాల్లో రెండో యూనిట్ దగ్గర వేగం సగానికి పడిపోవచ్చు. మేడ మీదికి ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. గిగాబిట్ వేగం 100 మీటర్ల దాకా వస్తుంది, ఇంటికి అంత దూరం ఎలాగూ ఉండదు. కేబుల్ పూర్తి రాగిదో కాదో అడిగి కొనండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినది ఉప్పుగాలికి ముందు పోతుంది. గోడల్లో పైపులు ఇప్పుడే వేస్తున్న కొత్త ఇల్లయితే ప్రతి గదికీ ఒక కేబుల్ ఇప్పుడే వేయించేయండి. తర్వాత పదింతలు ఖర్చు పెట్టినా అంత శుభ్రంగా రాదు.

నాలుగో దారి: విడి ఫైర్‌వాల్ పెట్టె

రెండు మూడు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటర్ కొని దానిలో ఓపీఎన్‌సెన్సో పీఎఫ్‌సెన్సో అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వేయడం ఈ దారి. రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. ఓపీఎన్‌సెన్స్ 2015లో పీఎఫ్‌సెన్స్ నుంచి విడిపోయి వచ్చింది. కొత్తవాళ్లకు దాని మెనూలు తేలిగ్గా ఉంటాయని నా అభిప్రాయం.

ఇది నిజంగా గొప్ప పరికరం. కెమెరాలకు ఒక నెట్‌వర్క్, పిల్లలకు ఒకటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఒకటి అని గీతలు గీసి, ఏది ఎక్కడికి వెళ్లొచ్చో ఒక్కొక్కటిగా రాయొచ్చు. డీవీఆర్‌ను ఇంటర్నెట్‌కే వెళ్లనీయకుండా కట్టేయొచ్చు. ఊళ్లో లేనప్పుడు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (రహస్య సొరంగం లాంటి కనెక్షన్) ద్వారా భద్రంగా ఇంట్లోకి రావొచ్చు. ఏ వస్తువు రాత్రి రెండింటికి ఎవరితో మాట్లాడిందో లాగ్‌లో కనిపిస్తుంది.

దీనికి ఇంకా ఏమేం కావాలో కూడా చూడండి. వైఫైకి వేరే యాక్సెస్ పాయింట్, విలాన్‌లు (ఒకే కేబుల్ మీద విడివిడి నెట్‌వర్క్‌లు) తెలిసిన స్విచ్, ఇవన్నీ కలిపి నడిపే కరెంటు. మామూలు రూటర్లు ఎక్కువగా 12 వోల్టుల మీద, ఒకటి రెండు ఆంపియర్లతో నడుస్తాయి, రెండు వేల లోపు దొరికే చిన్న యూపీఎస్ వాటికి సరిపోతుంది. ఈ కంప్యూటర్, స్విచ్, యాక్సెస్ పాయింట్ అన్నిటికీ కలిపి అది చాలదు, ఇంటి ఇన్వర్టర్ లైను కావాలి. 10 వాట్లు నిరంతరం వాడే పెట్టె ఏడాదికి దాదాపు 88 యూనిట్లు కాలుస్తుంది, అది ఈపీడీసీఎల్ బిల్లులో చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక రూలు తప్పు రాస్తే ఇంట్లో అందరికీ నెట్ పోతుంది, అప్పుడు మీరు ఊళ్లో ఉండకపోవచ్చు.

నేర్చుకోవాలన్న ఇష్టం ఉండి ఇంత ఖర్చు వద్దనుకునేవాళ్లకు మధ్య దారి ఉంది: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. పనికొచ్చే రూటర్ మోడల్ కొని దానిలో ఈ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే విభజన, రూల్స్, వైర్‌గార్డ్ అన్నీ ఆ ఒక్క చిన్న పెట్టెలోనే వస్తాయి, చిన్న యూపీఎస్ మీదే నడుస్తుంది. కొనే ముందు ఆ మోడల్, దాని వెర్షన్ నంబరు సహా ప్రాజెక్టు జాబితాలో ఉందో లేదో చూడాలి. ఒకే పేరుతో వేరే వెర్షన్ వస్తే పనిచేయకపోవచ్చు. మైక్రోటిక్ కంపెనీ రూటర్లు కూడా ధరకు మించిన పని చేస్తాయి, కానీ అవి నెట్‌వర్క్ ఉద్యోగంలో ఉన్నవాళ్ల చేతికే బాగుంటాయి. 2018లో వాటిలో బయటపడ్డ ఒక లోపానికి కంపెనీ వెంటనే అప్‌డేట్ ఇచ్చింది, అయినా అది వేసుకోనివాళ్ల రూటర్లు లక్షల్లో దొంగల చేతిలోకి వెళ్లాయి.

ఏ ఇంటికి ఏది

ఇంటి నుంచి ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు రెండో దారి, దానితో పాటు డబ్బాకీ రూటర్‌కీ చిన్న యూపీఎస్‌లు. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ తన సొంత వీపీఎన్‌లో ఎలాగూ ఉంటుంది. మీటింగ్ మధ్యలో కరెంటు పోవడమే మీ అసలు సమస్య.

ఇంట్లోనే ట్యూషన్లో, అకౌంట్స్ పనో, క్లినిక్కో నడిపేవాళ్లు వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ వైఫై మాత్రమే ఇవ్వండి. క్లయింట్ల కాగితాలున్న కంప్యూటర్ లోపలి నెట్‌వర్క్‌లో ఉండాలి. పని పెరిగి నలుగురు ఉద్యోగులు వచ్చాక, నెల జీతానికో కాంట్రాక్టుకో చూసుకునే మనిషి దొరికాక నాలుగో దారికి వెళ్లండి.

ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన ఒక రూటర్ వాళ్లకు కొనివ్వండి. ఇంటి వైఫై మాత్రం వేరే పెట్టె మీద ఉంచండి.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఇక్కడ ఒంటరిగా ఉండే ఇళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, పొరపాట్లు జరిగేదీ వీటిలోనే. గాజువాకలో బావగారింట్లో అలాగే జరిగింది. విదేశంలో ఉన్న మేనల్లుడికి గేటు కెమెరా కనిపించాలని, బిగించినాయన రూటర్‌లో ఒక పోర్టు (బయట నుంచి లోపలికి దారి) తెరిచి, డీవీఆర్‌కు మొదటి నుంచి ఉన్న పాస్‌వర్డే ఉంచేసి వెళ్లాడు. కొన్ని నెలలకు సాయంత్రం పూట నెట్ నత్తనడక. బావగారు ప్లాను పెంచారు, తేడా లేదు. నేను వెళ్లి ఒక్కో వస్తువూ తీసి చూస్తే డీవీఆర్ కేబుల్ పీకగానే అంతా సర్దుకుంది. ఆ పోర్టు మూసేసి, డీవీఆర్‌ను రీసెట్ చేసి అప్‌డేట్ వేసి, పాస్‌వర్డ్ మార్చి, కంపెనీ డబ్బా వైపు పెట్టాను. ఇప్పుడు మేనల్లుడు కెమెరా కంపెనీ యాప్‌లోనే చూస్తున్నాడు.

అలాంటి ఇంటికి సొంత రూటర్, దూరం నుంచి యాప్‌లో చూసుకునే రకం, అప్‌డేట్లు వాటంతటవే పడేది తీసుకోండి. ఫైర్‌వాల్ కంప్యూటర్ పెట్టొద్దు, మీకు ఎంత బాగా తెలిసినా సరే. పోర్టులు తెరవాలన్న ఆలోచన అసలు వద్దు. మీ కంపెనీ ఒకే అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతుంటే అది పనిచేయదు కూడా. కంపెనీ డబ్బా సెట్టింగ్స్‌లో కనిపించే బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అలాంటి కనెక్షనే.

ఏ దారి ఎంచుకున్నా ఆ రోజే చేయాల్సినవి

రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై పాస్‌వర్డ్ వేరే, ఇది వేరే. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, దాని పిన్ పద్ధతిలో లోపం 2011లోనే బయటపడింది. యూపీఎన్‌పీ కూడా ఆపండి, వస్తువులు మిమ్మల్ని అడగకుండా తలుపులు తెరుచుకునే దారి అది. గేములు ఆడేవాళ్లు గొడవ చేస్తే అప్పుడు చూద్దాం. బయట నుంచి రూటర్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆగి ఉందో లేదో చూడండి. ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రస్‌లు) ఉన్న కనెక్షన్‌లో ప్రతి వస్తువుకీ సొంత బయటి అడ్రస్ వస్తుంది, కాబట్టి దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూడాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

చిన్నపిల్లలున్న ఇంట్లో రూటర్ డీఎన్ఎస్‌లో (సైటు పేరును అడ్రస్‌గా మార్చే సేవ) 1.1.1.3 పెట్టండి, చెడ్డ సైట్లనూ పెద్దల సైట్లనూ చాలావరకు ఆపుతుంది. పెద్దవాళ్లే ఉంటే 9.9.9.9 చాలు, హానికరమైన సైట్లను మాత్రం ఆపుతుంది. రెండూ ఉచితమే.

ఉరుములు మొదలైతే డబ్బా ప్లగ్గు తీసేయండి. ఫైబర్‌లోని గాజు తీగ కరెంటును మోయదు, పిడుగు ఎక్కువగా కరెంటు లైనులోంచీ బయటి కెమెరాల రాగి కేబుళ్లలోంచీ వస్తుంది.

చివరగా ఒక కాగితం. కనెక్షన్ నంబరు, కంపెనీ ఫోను నంబరు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో చిన్న బొమ్మ గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి అలమారా తలుపుకి లోపలి వైపు అంటించండి. బావగారింట్లో ఆ కాగితం అక్కే రాసింది. మొన్న వానల్లో నెట్ ఆగిపోతే నాకు ఫోన్ చేయకుండానే, ఆ బొమ్మ చూసి ఏ ప్లగ్గు తీసి పెట్టాలో అక్కే చూసుకుంది.